తవుడుకు కొన్న పిల్లలు

కరోనా తర్వాత బళ్ళు పూర్తిగా తెరిచిన మరుసటి ఏడు, నవంబరు మొదటి వారంలో నన్ను పోర్ట్ బ్లెయిర్ నుంచి మధ్య అండమాన్‌లోని రంగత్‌కు డెప్యుటేషన్ మీద పంపారు. ఆర్డరులో నా హోదా "క్షేత్ర పరిశోధకురాలు (తెలుగు), బాలల మానసిక క్షేమ సర్వే" అని ఉంది. గడువు ఆరు వారాలు. అప్పటికి నా సర్వీసు ఇంకా రెండేళ్ళే మిగిలింది. అంగన్‌వాడీ వర్కరుగా చేరి సూపర్‌వైజరు దాకా వచ్చినదాన్ని. పిల్లల బరువు తూచడం, జబ్బ చుట్టుకొలత చూడడం, టీకాల కార్డులు సరిచూడడం నాకు వచ్చిన పని. మనసుకు తగిలిన దెబ్బను కొలవమని అంతకు ముందు నన్నెవరూ అడగలేదు.

ఈమధ్య సోషల్ వర్క్ చదువుతున్న పిల్లలు కొందరు పోర్ట్ బ్లెయిర్ డైరీ ఫార్మ్ పేటలో మా ఇంటికి వచ్చి, దాన్నసలు ఎలా కొలుస్తారు మేడం అని అడిగారు. వాళ్ళకు నోటితో చెప్పినదే ఇక్కడ కాస్త వరుసగా రాస్తున్నాను. పేర్లు మార్చాను. మిగిలినది నాకు గుర్తున్నంతవరకు జరిగినట్టే రాశాను.

నన్నే ఎందుకు పంపారంటే, మా శాఖలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నా తెలుగు చదివి రాసేవాళ్ళు ముగ్గురమే. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నేను ఎనిమిదో తరగతి ఈడు వచ్చేదాకా బడి మొహం చూడలేదు. మా అమ్మే ఇంట్లో పలక మీద ఇసక మీద దిద్దించింది. పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టాక గంటసేపు చదువు, వంటయ్యాక మరో గంట. పరీక్షలన్నీ ప్రైవేటుగానే రాశాను. ఆ చదువే నాకు ఉద్యోగం ఇచ్చింది, అన్నం పెట్టింది. అమ్మను తలుచుకోకుండా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కాని ఆ చదువు తెచ్చిపెట్టిన గర్వం కూడా ఒకటి ఉండేది. దాని గురించే చెప్పబోతున్నాను.

ముందు పోర్ట్ బ్లెయిర్‌లో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. సర్వే నడిపిన సైకాలజిస్టు నందిత మెయిన్‌లాండ్ అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయేమో. హిందీలో మాట్లాడేది, అందరినీ దీదీ అనేది. దేన్ని హింస అనాలో ఆమె మొదటి రోజే విడమరిచి చెప్పింది. కోపంలో ఒకసారి అన్న మాట లెక్కలోకి రాదు. అది మళ్ళీ మళ్ళీ జరగాలి. పెంచే మనిషి వల్ల జరగాలి. దానివల్ల బిడ్డ, నేను పనికిరానిదాన్ని, నేను ఎవరికీ అక్కర్లేదు అని నమ్మే స్థితికి రావాలి. ఈ మూడూ కలిస్తేనే మానసిక హింస. అందరం నోట్సులో రాసుకున్నాం.

తర్వాత ఫారం ఇచ్చారు. పన్నెండు ప్రశ్నలు. ఒక్కోదానికి మూడు గళ్ళు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా. వాటికి సున్నా, ఒకటి, రెండు మార్కులు. మొత్తం ఒక గీత దాటితే ఆ ఫారానికి ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పడితే సూపర్‌వైజరు ఆ ఇల్లు చూసి రావాలి. ఆ తర్వాత బిడ్డ పేరు బాలల సంక్షేమ కమిటీకి వెళుతుంది. పరిశోధకురాలికి కట్టుబాట్లు ఉన్నాయి. ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదవాలి, వివరించకూడదు, పిల్లలు నవ్వినా ఏడ్చినా మన ముఖంలో ఏమీ కనపడకూడదు, చెప్పిన జవాబుకు టిక్కు పెట్టాలి. ఇప్పుడు ఆలోచిస్తే, నందిత చెప్పిన మూడింటిలో మొదటి రెండే ఆ ఫారంలో ఉన్నాయి. ఎవరన్నారు, ఎన్నిసార్లన్నారు అని అడుగుతుంది. విని బిడ్డ ఏం నమ్మింది అని అడగదు. అది ఆరోజు నాకు తట్టలేదు.

హిందీ ఫారాన్ని తెలుగు చేసే పని నాది. దానికి మూడు మెట్లున్నాయి. ఒకరు తెలుగు చేస్తారు. అసలు హిందీ చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి హిందీ చేస్తారు, రెండు హిందీలూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. మూడో మెట్టులో అయిదారుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, "నేను ఇప్పుడు ఏం అడిగానో నీ మాటల్లో చెప్పు" అని ప్రతి ప్రశ్నకూ అడగాలి. మొదటి రెండు మెట్లూ బాగా ఎక్కాం. ఏడో ప్రశ్నను నేను ఇలా రాశాను: "నువ్వు మా బిడ్డవు కావు, ఎక్కడినుంచో తెచ్చుకున్నాము అని ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా నీతో అన్నారా?" మా ఆఫీసులోనే మరొకావిడ దాన్ని తిరిగి హిందీ చేస్తే అచ్చు గుద్దినట్టు మొదటి వాక్యమే వచ్చింది. నందిత ఎంతో మెచ్చుకుంది. బళ్ళలో అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గర పడుతున్నాయి, మూడో మెట్టు కూడా ఎక్కితే వారం ఆలస్యమవుతుంది, ఏం చేద్దాం దీదీ అని అడిగింది. అక్కర్లేదు, ఈ తెలుగుకు నాది పూచీ అన్నాను. ఆ మాట అన్నది నేనే, మరెవరి మీదా పెట్టడానికి లేదు.

రంగత్ నుంచి సముద్రం వైపు అరగంట వెళితే మత్స్యకారుల బస్తీ. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు వచ్చినవాళ్ళు. అక్కడి బడిలో ఆరు, ఏడు తరగతుల తెలుగు పిల్లలు నా వంతు. తల్లిదండ్రుల సంతకాలు, పిల్లల ఒప్పుదల అన్నీ తీసుకుని, స్టోరు గది పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించుకున్నాను. తలుపు సగం తెరిచి ఉంచాలి. లోపలి మాట బయటికి వినపడకూడదు, బయటివాళ్ళకు మనుషులు కనపడాలి.

మొదట వచ్చినది గౌరి. ఆరో తరగతి. ఏడో ప్రశ్న చదవగానే చేత్తో నోరు మూసుకుని నవ్వింది.

"హా మేడం, రోజూ అంటది మా అమ్మ. తవుడుకి కొన్నాదంట నన్ను. నాకైతే రెండు కుంచాలిచ్చినారు, మా తమ్ముడికి ఒకటే."

తరచుగా అన్న గడిలో టిక్కు పెట్టాను. తర్వాత వచ్చిన పిల్లవాడిని జెట్టీ మీద ఎవరో ఓడ దిగి వదిలేసి పోతే, వాళ్ళమ్మ చేపలతో పాటు తట్టలో వేసుకుని వచ్చిందట. ఇంకొకడిని అంగట్లో ఉప్పు కొంటే ఊరికే ఇచ్చారట. దాదాపు అందరూ నవ్వుతూనే చెప్పారు. నేను అందరికీ టిక్కు పెట్టాను. తిట్లు, బెదిరింపుల ప్రశ్నలకూ అలాగే నవ్వుతూ అవునన్నారు, వాటికీ టిక్కు పెట్టాను.

తవుడుకు కొన్నామనే మాట నాకు తెలియనిదా? మా అమ్మ నన్ను అన్నది, నేను మా అబ్బాయిని అన్నాను. వినని తెలుగు పిల్లలు ఉండరు. తెలిసి కూడా ఎందుకు రాశానని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. అచ్చులో ఉన్న కాగితం ముందు కూర్చుంటే మన ఇంటి మాట మనకే తప్పుగా కనపడుతుంది. చదువుకున్నవాళ్ళు దీన్ని హింస అంటున్నారు కాబట్టి ఇన్నాళ్ళూ మనకే తెలియలేదు కాబోలు అనుకున్నాను. వివరించకూడదన్న నియమం నాకు అడ్డు కూడా వచ్చింది, ఆసరా కూడా అయింది.

మూడో రోజు ఆఖరున వచ్చిన పిల్ల నూకరత్నం. పదకొండేళ్ళు, గౌరి తరగతే. తల్లి లేదు. తండ్రి పోర్ట్ బ్లెయిర్‌లో బోటు మీద పని. మేనత్త పోలమ్మ ఇంట్లో ఉంటుంది. ఉతికిన యూనిఫారం, నున్నగా దువ్విన జడ. తిడతారా, లేదండి. వేరేవాళ్ళతో పోల్చి తక్కువ చేస్తారా, లేదండి. వదిలేస్తామని బెదిరిస్తారా, లేదండి. ఏడో ప్రశ్న దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, "నేదండి, ఎవులూ అన్నేదు" అంది. పన్నెండింటికీ సున్నా. ఆ బడి మొత్తంలో సున్నా వచ్చిన ఫారం అదొక్కటే. ఆ సాయంత్రం గెస్ట్ హౌస్ గదిలో దీపం పెట్టుకుంటూ, మాట శుభ్రంగా ఉన్న ఇల్లు ఒకటైనా చూపించావు స్వామీ అని ఆ ఇంటికి కూడా ఒక నమస్కారం పెట్టాను. ఆ నమస్కారం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బుధవారం మార్కులు కూడితే నా పిల్లల్లో సగంమందికి ఎర్ర గుర్తు పడింది. నందిత ఫోనులో కంగారు పడింది. మిగతా భాషల పిల్లల్లో ఇంత లేదు దీదీ, మీ బస్తీలో ఏదో ఉంది, శుక్రవారం సాయంత్రానికి జాబితా పంపండి, ముందు అన్నిటికంటే ఎక్కువ వచ్చిన ఇల్లు చూసి రండి అంది. అన్నిటికంటే ఎక్కువ వచ్చినది గౌరికి.

గురువారం మధ్యాహ్నం గౌరి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ అప్పలకొండ వాకిట్లో పట్టా పరిచి నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది. బిడ్డ ఫారంలో ఏం చెప్పిందో బయటపెట్టకూడదు కాబట్టి, బస్తీలో పిల్లల బాగోగులు చూడడానికి వచ్చానని మాత్రమే అన్నాను. ఆమె పీట జరిపింది.

"రా అమ్మా, కూకో. మా గుంట అన్నీ సెప్పీసింది. మీ అమ్మ తిడతాదా అనడిగినావంట కదా."

నేను పీట మీద కూర్చున్నాను. అంతలో గౌరి బడి నుంచి వచ్చి, సంచీ పడేసి, వెనకనుంచి తల్లి మెడ పట్టుకుని వేలాడింది. "ఎల్లిపోయే సచ్చినదానా, ఒల్లంతా సేపల కంపు" అని కసురుకుంది తల్లి. పిల్ల కదల్లేదు. చేతులు చేపల తడిగా ఉన్నాయని తల్లి మోచేత్తో కూతురి ముఖం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది. తోసి, మళ్ళీ నా వైపు తిరిగింది.

"మా గుంటని నాను తిట్టకపోతే ఎవులు తిడతారమ్మా? పక్కింటోల్లొచ్చి తిడతారేటి?"

నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. ఆమె ఆపుకోలేదు. కాసేపు నెత్తళ్ళు తిరగేసి, గడ్డంతో అవతల నాలుగో ఇంటి వైపు చూపించింది.

"తిట్టే ఇంటికొచ్చినావు, మంచిదే. తిట్టని ఇల్లు అదిగో. ఎల్లినావా?"

అది పోలమ్మ ఇల్లు. ఆ ఇంట్లో రత్నాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవగా తాను వినలేదని అప్పలకొండ చెప్పింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరింట్లోనో పసిపిల్లను చూసుకోవడానికి ఆ పిల్లను కుదిర్చారట. సోమవారం పొద్దున కాన్వాయ్ బస్సుకు సీటు కూడా రాయించారట. బడికి ఇంకా చెప్పలేదు. మా ట్రంక్ రోడ్డు మీద అడవి భాగం దాటేటప్పుడు బండ్లన్నీ ఒక గుంపుగా పోలీసు కాపలాతో పోతాయి, దాన్నే కాన్వాయ్ అంటాం. ఒకసారి పిల్ల ఆ బస్సెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఇంట్లోకి వెళ్ళిపోతే, ఆమె పేరు ఏ బడి రిజిస్టరులోనూ ఉండదు. నా జాబితాలో అయితే ఆమెది సున్నా. సున్నా వచ్చిన బిడ్డను వెతుక్కుంటూ ఎవరూ వెళ్ళరు.

శుక్రవారం పొద్దున్నే బడికి వెళ్ళి, హెడ్మాస్టరు గారి అనుమతితో రత్నాన్ని మళ్ళీ అదే గదిలో కూర్చోబెట్టాను. ఫారం తీయలేదు. మానేసిన మూడో మెట్టు ఇప్పుడు ఎక్కాను. ఏడో ప్రశ్నలో నేనేం అడిగానో నీ మాటల్లో చెప్పమ్మా అన్నాను.

"తవుడుకి కొన్నామని ఎవులైనా అన్నారా అనడిగినారు."

"నిన్ను ఎవరూ అనలేదా?"

"నన్నెందుకంటారండి?" అంది, నాకు ఆమాత్రం తెలియదా అన్నట్టు. "సొంత పిల్లల్నే కదా అలాగంటారు. గౌరినంటారు. మా అత్త ఆల పిల్లల్నంటాది. నాను నిజింగానే బయిట్నుంచి వొచ్చినదాన్ని కదా."

ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు అని అడిగాను. పిలవరంది. అన్నం వేళకు గిన్నె మీద గరిటెతో చప్పుడు చేస్తారట, అప్పుడు వెళ్ళి పెట్టుకుంటుందట. ఎవరైనా చుట్టాలు వచ్చి ఈ పిల్లెవరని అడిగితే, తమ్ముడి పిల్ల అంటారట. అందులో ఫిర్యాదు ఏమీ లేదు. మా ఇంటికి రెండు గుమ్మాలు అని చెప్పినట్టు చెప్పింది. సోమవారం సంగతి అడిగితే, అవునండి, ఆ పసిపాప నన్ను దీదీ అని పిలుస్తుందంట అంది. ఆ ఒక్కటి చెప్పేటప్పుడే ఆమె ముఖం కొంచెం విప్పారింది.

నింపిన ఫారంలో జవాబు మార్చే అధికారం పరిశోధకురాలికి లేదు. తప్పు జరిగితే వేరే కాగితం మీద, ఏ నియమం ఎక్కడ తప్పిందో సంతకం పెట్టి రాసి ఇవ్వాలి. బస్ స్టాండు పక్క టీ కొట్టు బల్ల మీద కూర్చుని రాశాను. మూడో మెట్టు నా మాట మీదే మానేశామని, పిల్లలు నవ్వుతూ చెప్పిన పరిహాసాన్ని పరిహాసమని తెలిసే హింస గడిలో రాశానని, అసలు మాట్లాడని ఇంటిని అడిగే ప్రశ్న ఈ ఫారంలో లేదని. రెండో కాగితం మీద రత్నం సంగతి రాశాను. సర్వేలో విన్నది రహస్యంగా ఉంచాలి, కాని బిడ్డను బడి మాన్పించి పనికి పంపుతున్నారని తెలిస్తే వెంటనే తెలియజేయడం మా విధి, అక్కడ రహస్యం వర్తించదు. సిగ్నల్ ఉన్న చోటు చూసుకుని రెంటినీ ఫోటో తీసి పంపించాను.

పంపాక భయం పట్టుకుంది. మూడు దశాబ్దాలు పైబడిన సర్వీసులో నా మీద ఒక్క రిమార్కు లేదు. ఇప్పుడు నా చేత్తో నేనే ఒకటి రాసుకున్నాను. పని సరిగా రానివాళ్ళను పంపారని నందిత పై ఆఫీసుకు రాస్తే రిటైరయ్యేవేళ ఏం మొహం పెట్టుకుంటాను? ఏ మొహమైతేనేం, పిల్ల బస్సెక్కకుండా ఉంటే చాలు తండ్రీ అనుకుని టీ తాగాను. అది చల్లారిపోయింది.

గంట లోపే నందిత ఫోను చేసింది. నా కాగితం రెండుసార్లు చదివానంది.

"దీదీ, బిడ్డతో మాట్లాడకపోవడం కూడా హింసేనని మా పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉంది. దానికొక ప్రశ్న ఉండేది. ఫారం పొడుగైపోతోందని తీసేసింది నేనే."

జాబితా ఆపేస్తున్నానని, రత్నం కాగితం అప్పటికే మాయాబందర్‌లో జిల్లా బాలల రక్షణ అధికారికి పంపానని చెప్పింది. నా తప్పు పక్కన తన తప్పు కూడా రాసి పై ఆఫీసుకు పంపింది. నాకంటే పాతికేళ్ళకు పైగా చిన్నది. ఆ పని చేయకుండా తప్పించుకునే దారి ఆమెకు ఉంది. నా ఉద్యోగ జీవితంలో నేను చేతులు జోడించదగిన అధికారులు కొద్దిమంది దొరికారు, ఆమె వాళ్ళలో ఒకరు.

శనివారం పొద్దున ఆ అధికారి వచ్చారు. యువకుడు, మర్యాదస్తుడు. రత్నాన్ని గౌరి వాళ్ళింట్లో ఉండమని, మేమిద్దరం పోలమ్మ ఇంటికి వెళ్ళాం. ఇల్లు శుభ్రంగా ఉంది. రత్నం పుస్తకాలు ఒక గూట్లో వరుసగా ఉన్నాయి. పోలమ్మ గుమ్మంలోనే నిలబడి అంది.

"కొట్టినానా? తిట్టినానా? ఆ పిల్లనే అడగండి. మా పిల్లలికెట్టిందే దానికీ ఎట్టినాను."

అన్నీ నిజాలే. అధికారి నా వైపు చూశారు. పసిపిల్లను ఆడించే పని అయినా పదకొండేళ్ళ బిడ్డను పెట్టడం చట్టవిరుద్ధమని ఆయన చెప్పారు, ఆమె తల ఊపింది, బస్సు సీటు మానుకుంటానంది. ఆయన దృష్టిలో పని అయిపోయినట్టే. ఫైలు మూయబోతూ ఉంటే నేను ఒక్క ప్రశ్న అడగనివ్వమని, పోలమ్మను అడిగాను: నువ్వు ఆ పిల్లను ఏమని పిలుస్తావమ్మా?

పోలమ్మ గడప మీద కూర్చుంది.

"ఆల తల్లి పోయినప్పుడు మూడేల్లది. నా పక్కనే పడుకునీది. నన్నే అమ్మా అనీది. మా తమ్ముడు మల్లీ పెల్లి సేసుకుని వొచ్చి తీసికెల్లిపోనాడు. యాడాది తిరిగీసరికి మల్లీ తెచ్చి ఒగ్గీసినాడు. రేపు మల్లీ తీసికెల్లడని ఏటి నమ్మకం? ఇంకోపాలి అలవాటు సేసుకుని ఇంకోపాలి ఇచ్చీలేనమ్మా. అంచేత నోరు కట్టీసుకున్నాను. ఆడొచ్చి లాక్కెల్లిపోయేకంటే నానే పంపీడం మేలనుకున్నాను."

అధికారి ఫైలు మళ్ళీ తెరిచారు.

ఆ తర్వాత జరిగినదంతా కాగితాల పని. తండ్రిని బోటు దిగాక కమిటీ ముందుకు పిలిపించారు. రత్నానికి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా మేనత్త సంరక్షణలోనే ఉంటుందని, కమిటీ అనుమతి లేకుండా తీసుకెళ్ళే వీలు తనకు లేదని ఒప్పుకుని సంతకం పెట్టాడు. పోలమ్మ వేలిముద్ర వేసింది. ఆ కాగితం జిరాక్సు చేయించి ఇస్తే, అందులో ఏముందో నాచేత రెండుసార్లు చదివించుకుంది. చూడడానికి మామూలు ఆఫీసు కాగితం. ఆ ఇంట్లో కావలసిన మందు అదేనని ఫారంలోని పన్నెండు ప్రశ్నల్లో ఏదీ చెప్పేది కాదు.

నెలకొకసారి ఆ ఇల్లు చూసి వచ్చే పని, సర్వే అయిపోయాక కూడా, అడిగి నా పేర రాయించుకున్నాను. ఏడేళ్ళ మౌనం ఒక్క కాగితంతో పోదు. మొదటి రెండు నెలలు డైరీలో రాయడానికి ఏమీ దొరకలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు రత్నం కుళాయి కట్టకుండా వదిలేసి వచ్చింది. పోలమ్మ నేనున్నానని కూడా చూడకుండా, "ఒలే రత్నం, నీ బుర్రేటి సంతలో అమ్మీసినావేటే" అని అరిచింది. పిల్ల పరుగెత్తుకుని వెళ్ళి కుళాయి కట్టింది. ఆ తిట్టును నేను మెరుగుదల అన్న గడిలో తేదీ వేసి రాశాను. మా పై అధికారి దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపారు. విడిగా అరపేజీ వివరణ రాసి ఇచ్చాను, ఒప్పుకున్నారు.

సర్వే సంగతి కూడా చెప్పాలి. రెండు వారాలు ఆపి, మూడో మెట్టు అన్ని భాషల్లోనూ చేశాం. ఏడో ప్రశ్ననూ, తిట్లు బెదిరింపుల ప్రశ్నలనూ రెండేసి ముక్కలు చేశాం. ఎవరైనా అలా అన్నారా, అన్నప్పుడు నువ్వేమనుకున్నావు? "ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు" అనే కొత్త ప్రశ్న చేర్చాం. మా బస్తీలో ఎర్ర గుర్తులు దాదాపు అన్నీ పోయాయి. అలాగని తవుడు మాటలన్నీ ముద్దు మాటలేనని నేను అనను. మొదటిసారి నవ్వకుండా అవునన్న ఒక పిల్లవాడు ఉన్నాడు. నా ఫారంలో నవ్విన వాళ్ళకూ నవ్వని వాడికీ ఒకటే టిక్కు పడింది. రెండోసారి అడిగితే వాడు దాన్ని నిజమనే నమ్ముతున్నాడని తెలిసింది. ఇంట్లో వాళ్ళకు ఆ సంగతే తెలియదు. వాడికీ వాడి తల్లిదండ్రులకూ కౌన్సెలరు కావలసి వచ్చింది. మొదటి జాబితానే వెళ్ళి ఉంటే సగం బస్తీలో ఒకడిగా వాడూ మరుగున పడిపోయేవాడు.

నేను రిటైరయ్యే నాటికి రత్నం ఎనిమిదో తరగతి. అదే ఇల్లు, అదే బడి. నాకు వీడ్కోలు సభ జరిగినప్పుడు పెద్దవాళ్ళు నా గురించి చాలా మంచి మాటలు అన్నారు. నేను మనసులో మాత్రం అప్పలకొండకు, నందితకు, ఆ పిల్లకు దణ్ణం పెట్టుకున్నాను. తప్పు చేసిన వారంలోనే ఆ తప్పు తెలిసి, దిద్దుకునే వ్యవధి దొరకడం అందరికీ దక్కే అదృష్టం కాదు. భగవంతుడు నాకు గురువారం నుంచి సోమవారం దాకా ఇచ్చాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్పవలసింది ఇది. ఇంట్లో అన్న మాటలను లెక్కపెట్టడం కొలతలో ఒక భాగం మాత్రమే. ఆ మాటను బిడ్డ ఏమని తీసుకుందో బిడ్డ నోటితోనే వినాలి. అందరు పిల్లలకూ దక్కే మాట ఈ బిడ్డకు దక్కుతోందా అని కూడా అడగాలి. సున్నా వచ్చిన ఫారాన్ని ఎక్కువ మార్కులు వచ్చిన ఫారంతో సమానంగా తిరిగి చూడాలి. వ్యవధి చాలకపోతే తక్కువమంది పిల్లలను అడగండి, అడిగిన బిడ్డకు మాత్రం మూడో మెట్టు మానకండి.